వంద రూపాయల జెండా పండుగ

2024 ఆగస్టులో పంచాయతీరాజ్ శాఖ ఒక నిర్ణయం ప్రకటించింది. స్వాతంత్ర్య దినోత్సవానికీ గణతంత్ర దినోత్సవానికీ అంతవరకు మైనర్ పంచాయతీకి వంద రూపాయలు, మేజర్ పంచాయతీకి రెండు వందల యాభై రూపాయలుగా ఉంటూ వచ్చిన మొత్తాన్ని, ఐదు వేల లోపు జనాభా ఉన్న పంచాయతీలకు 10,000 రూపాయలకు, అంతకు మించిన వాటికి 25,000 రూపాయలకు పెంచారు. ముప్పై నాలుగేళ్లుగా ఆ వంద వందగానే ఉండిపోయిందని ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ చెప్పగా విన్నవాళ్లు చాలామంది ఇది నిజమేనా అని ముక్కున వేలేసుకున్నారు. నాకు ఆశ్చర్యం కలగలేదు, ఎందుకంటే ఆ వంద రూపాయలతో నాకు చిన్ననాటి నుంచి బాగా పరిచయం ఉంది. మా పెదనాన్న సర్పంచ్‌గా ఉన్న రోజుల్లో, చేతిరాత గుండ్రంగా ఉంటుందన్న ఒక్క కారణంతో, దానికి లెక్క రాసే పని నా మీద పడింది.

మా ఊరు ఆమదాలవలసకూ పొందూరుకూ నడుమ, నారాయణపురం ఆనకట్ట కాలువ మీద ఆధారపడిన ఊళ్లలో ఒకటి. పేరు చెప్పను. చెబితే ఇందులో తమను తాము గుర్తుపట్టుకొని నా మీదికి తగవుకు వచ్చేవాళ్లు అక్కడ ఇంకా మిగిలే ఉన్నారు. 1988 పంచాయతీ ఎన్నికల్లో పెదనాన్న సర్పంచ్ అయ్యారు. పంచాయతీ ఎన్నికలకు పార్టీ గుర్తులు ఉండవు కనుక, ఎవరు ఏ పార్టీయో పాలు తాగే పిల్లలకు కూడా తెలిసినా, నామినేషన్ వేసిన నాటి నుంచి ఓట్లు లెక్కపెట్టే దాకా ఆ మాట ఎత్తకుండా నెట్టుకురావడం అప్పటి మర్యాద. లెక్కింపు అయిన మరునాటి నుంచి ఆ మర్యాదతో ఎవరికీ పని ఉండేది కాదు. వీధి దీపం ఏ వీధిలో వెలుగుతుందో చూసి ఎవరు ఎవరికి ఓటు వేశారో చెప్పగలిగేవాళ్లం. పెదనాన్న కూడా ఇందుకు మినహాయింపు కాదు. ఆయన మంచి మనిషే కానీ, మా వీధిలో దీపం ఆరిపోయిన రాత్రి ఒక్కటీ నాకు జ్ఞాపకం లేదు.

జెండా పండుగ లెక్క ఇలా ఉండేది. జెండా ఉతికి గంజి పెట్టి ఇస్త్రీ చేసినందుకు మూడు రూపాయలు, పురికొసకు ఆరు, రంగు కాగితాలకు పద్నాలుగు, వాటిని అతికించే మైదా పిండికి రెండు, గాంధీ గారి పటానికీ నెహ్రూ గారి పటానికీ దండలకు ఎనిమిది, ముగ్గు పిండికి రెండు, మిగిలినదంతా పిల్లలకు పంచే నిమ్మతొనలకూ పిప్పరమెంట్లకూ. ఆ మిఠాయి ఖర్చు ఎలా చూసినా అరవై దాటేది. అయితే ఆ రోజుల్లో ఇరవై రూపాయలు మించిన రశీదు మీద రెవెన్యూ స్టాంపు అతికించాలి. స్టాంపు ఖరీదు ఇరవై పైసలే కానీ, దాని కోసం పక్క ఊరి పోస్టాఫీసుకు వెళ్లాలి, వెళ్లినా ఉంటుందన్న నమ్మకం లేదు. అందువల్ల ఒకే కొట్టులో, ఒకే రోజు, ఒకే మనిషి కొన్న నిమ్మతొనలకు పద్దెనిమిది రూపాయల చొప్పున విడివిడి రశీదులు పుట్టేవి. ఆ రశీదుల కాగితాలు కొట్టు యజమాని దగ్గర ఉండేవి కావు. నా నోటు పుస్తకం మధ్య పేజీలు చింపి నేనే రాసేవాడిని, ఆయన కింద వేలిముద్ర వేసేవాడు. వేలిముద్ర సిరా కోసం పంచాయతీ ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క స్టాంపు ప్యాడును తీసుకువెళితే, దాని మీద ఉమ్మి తడి చేస్తే తప్ప రంగు అంటుకొనేది కాదు.

వంద రూపాయలకు మించి అయిన ఖర్చు పెదనాన్న జేబులోది. మైకు సెట్టు అద్దె, బ్యాటరీ, సమితి రోజుల నుంచి ఆఫీసులో ఉండిపోయిన కుర్చీకి కొత్త నవారు, పెద్దలకు టీలు, ఇవన్నీ ఆయనే పెట్టుకొనేవారు. దాని గురించి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పుకోలేదు. అడిగినదంతా ఆ వంద గురించే. ఒక ఏడాది ఆడిట్‌కు వచ్చిన అధికారి మా రశీదులన్నిటినీ ముందు పెట్టుకొని, పురికొస ఆరు రూపాయలకు రశీదు లేదనీ, ముగ్గు పిండి జాతీయ దినోత్సవ వ్యయం కిందికి ఎలా వస్తుందో వివరణ కావాలనీ అభ్యంతరం రాశారు. పురికొస మా కళ్లంలోనిదే, కొన్నట్టు రాయకపోతే ఆ పద్దు పూర్తి కాదని రాశాము. ముగ్గు పిండికి వివరణ ఇవ్వడానికి పెదనాన్న ఒక పూటంతా ఆలోచించారు. చివరికి ఎనిమిది రూపాయలూ సర్పంచ్ నుంచి రాబట్టాలని తేలింది. ఆ ఎనిమిది రూపాయలు చలానా కట్టడానికి ఆయన ట్రెజరీకి వెళ్లివచ్చిన బస్సు చార్జీలూ, మధ్యాహ్నం హోటల్లో భోజనమూ కలిపితే జెండా పండుగ మిఠాయి ఖర్చుకు దాదాపు సమానమయ్యాయి. తిరిగి వచ్చి అరుగు మీద కూర్చుని, "దేశానికి జెండా ఎగరేసినందుకు దేశమే నన్ను దొంగన్నాది రా" అని నవ్వారు. ఆ చలానా కాగితాన్ని మాత్రం పారేయలేదు. ఇంట్లో పొలం దస్తావేజులు ఉండే రేకు పెట్టెలో అది ఇప్పటికీ ఉంది. ఎవరైనా కొత్తగా రాజకీయాల్లోకి వస్తానంటే ముందు దాన్ని తీసి చూపించేవారు.

జెండా పండుగను జాతీయ సెలవు దినం అంటారు కానీ, మా ఊళ్లో ఆ సెలవు ఎవరికి అన్నది ఆలోచించవలసిన సంగతే. ఆగస్టు 15 నాటికి మా వైపు ఉభాలు, అంటే వరి నాట్లు, మంచి ఊపు మీద ఉంటాయి. ఆనకట్ట నీరు కాలువలోకి వచ్చిన వారం పది రోజుల్లో నారు మడిలో పడాలి, లేకపోతే ఆ పంట మీద ఆశ వదులుకోవాలి. అందుచేత బడి పిల్లలూ పంతుళ్లూ జెండా చుట్టూ నిలబడి ఉంటే, ఊళ్లోని ఆడవాళ్లలో సగానికి పైగా మోకాలి లోతు బురదలో వంగి ఉండేవాళ్లు. ఒకసారి పెదనాన్న దేశభక్తి పొంగి, జెండా ఎగిరే దాకా ఎవరూ మడిలోకి దిగవద్దని దండోరా వేయించబోతే, మా ఇంటి పనులకు వచ్చే ముసలమ్మ గడప దగ్గరే నిలదీసింది. "ఏటి బావూ, జెండాకి సెలవైతే ఉభాలకి సెలవా? మడి ఆరిపోతే నీ జెండా వొచ్చి నీరెడతాదేటి?" దండోరా ఆగిపోయింది. జనవరి 26 విషయం వేరు. పంట ఇంటికి వచ్చి, సంక్రాంతి కనుమలు అయిపోయి, చేతిలో నాలుగు డబ్బులు ఆడుతూ, చేయడానికి పెద్దగా పనిలేని రోజులవి. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రోజుకు వచ్చినంత జనం స్వాతంత్ర్యం వచ్చిన రోజుకు రాకపోవడానికి మా ఊళ్లో కారణం వరి నారే. ఇక ఉద్యోగస్తుల బాధ ఉద్యోగస్తులది. 1993లో ఆగస్టు 15 ఆదివారం నాడు పడితే, మా బడి పంతులు గారు జెండాకు వందనం చేస్తున్నప్పుడు ఆయన ముఖంలో కనిపించిన విషాదం దేశవిభజన నాటి ఫొటోల్లో కూడా నేను చూడలేదు.

మాకు ఆ రోజుకు ఇంకొక ప్రత్యేకత కూడా ఉంది. విశాఖపట్నం జిల్లాను విడదీసి శ్రీకాకుళం జిల్లాను ఏర్పాటు చేసింది 1950 ఆగస్టు 15న. అంటే దేశం పండుగ ఖర్చులోనే జిల్లా పుట్టినరోజు కూడా వెళ్లిపోతుంది, వేరే పద్దు అక్కరలేదు. పొదుపులో మా జిల్లాను మించినది లేదు. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు కొంత భాగం అటు పోయింది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకూ, రాజాం విజయనగరం జిల్లాకూ వెళ్లిపోయాయి. రాజాంలో ఉండే మా చిన్నత్త ఇల్లు కదలకుండానే ముందు రోజు శ్రీకాకుళంలో పడుకొని మర్నాడు విజయనగరంలో లేచింది. ఆమెకు వచ్చిన మార్పల్లా, పింఛను కాగితం మీద ఏదో పొరపాటు జరిగితే ఇదివరకు తిట్టుకొనే ఊరు ఒకటి, ఇప్పుడు తిట్టుకొనే ఊరు మరొకటి కావడమే.

జిల్లాకు ఒక్క పుట్టినరోజే అయినా రాష్ట్రానికి మాత్రం అవి మూడు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న హైదరాబాదు రాజధానిగా ఆంధ్రప్రదేశ్, 2014 జూన్ 2న ఇప్పటి మన రాష్ట్రం. నా చిన్నతనంలో నవంబరు 1న బడిలో పొట్టి శ్రీరాములు గారి గురించి వక్తృత్వ పోటీ పెట్టేవారు. విభజన తరువాత ఐదేళ్లు ఆ రోజు ఊసు లేకుండా జూన్ 2 నుంచి నవనిర్మాణ దీక్ష చేయించారు, 2019లో ప్రభుత్వం మారగానే మళ్లీ నవంబరు 1కి వెళ్లారు. పుట్టినరోజు ఎప్పుడో తేల్చడానికి కూడా ఎన్నికల ఫలితాల కోసం ఎదురుచూడవలసిన బిడ్డ ఇంకెక్కడా ఉండడు. ఆ మాటకొస్తే జాతీయ దినోత్సవాలను పథకాలకు ముహూర్తంగా వాడుకోవడంలో పార్టీల మధ్య ఏ తేడా లేదు. గ్రామ వాలంటీర్లు 2019 ఆగస్టు 15న, గ్రామ సచివాలయాలు అదే ఏడాది గాంధీ జయంతి నాడు, అన్న క్యాంటీన్లు తిరిగి 2024 ఆగస్టు 15న, ఆడవాళ్లకు ఉచిత బస్సు 2025 ఆగస్టు 15న. పంచాంగం చూడకుండా అడుగు బయట పెట్టని నాయకులు కూడా ఈ విషయంలో మాత్రం వర్జ్యం చూసుకోరు.

పెదనాన్న హయాంలో ఎగిరిన జెండా శ్రీకాకుళం ఖాదీ దుకాణంలో కొన్నది. ఏటేటా కొత్తది కొనే స్తోమత వంద రూపాయలకు లేదు కనుక ఒక్క జెండాయే ఏళ్ల తరబడి నడిచింది. గాలికి కొట్టుకొనే చివరి అంచు కాషాయం వైపు మొదట చిరిగింది. మా పెద్దమ్మ పుట్టిల్లు పొందూరు. వలుగ చేప దవడతో పత్తిని దువ్వి, ఏకి, సన్నని నూలు వడికే ఇళ్లలో పుట్టి పెరిగిన మనిషి. చిరిగిన చోట ఆమె కుట్టిన కుట్టు దగ్గరికి వచ్చి వేలితో తడిమితే తప్ప తెలిసేది కాదు. కుట్టిన దారం తెల్లది కావడంతో ఎండలో పట్టి చూస్తే కాషాయంలో సన్నని తెల్ల గీత ఒకటి కనిపించేది. అది జెండా నియమావళికి విరుద్ధమని ఎవరైనా ఆడిట్ అభ్యంతరం రాస్తారేమోనని పెదనాన్న భయపడేవారు. 2021 డిసెంబరులో నియమావళిని సవరించి, యంత్రాల మీద చేసిన పాలిస్టర్ జెండాలకు కూడా అనుమతి ఇచ్చారు. ఆ మరుసటి ఏడాది ఇంటింటా జెండా కార్యక్రమంలో పోస్టాఫీసుల్లో ఇరవై ఐదు రూపాయలకు ఒకటి చొప్పున అమ్మారు. పొందూరు పక్కన ఉన్న మా ఊళ్లో ప్రతి ఇంటి మీదా జెండా ఎగిరింది, అందులో నూలుపోగు ఉన్నది ఒక్కటీ లేదు. అందరికీ జెండా అందడం మంచిదే, కాదనను. అయినా రాట్నం ముందు కూర్చున్న వాళ్లకు ఇరవై కిలోమీటర్ల లోపల ఆ పని జరిగిన తీరు చూసి పెద్దమ్మ మాత్రం ఆ రోజంతా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

వంద రూపాయల లెక్క చెప్పాను కనుక పెద్ద లెక్కల సంగతి కూడా చెప్పాలి. మా ఊరికీ తారు రోడ్డుకీ మధ్య ఒక గెడ్డ, అంటే వాగు, ఉంది. వేసవిలో దానిలో మేకలు పడుకుంటాయి, వానాకాలంలో దాన్ని దాటడానికి మనుషులు వెనుకాడతారు. దాని మీద వంతెన కోసం వేసిన మొదటి శిలాఫలకం 1989 ఎన్నికలకు ముందుది. మామూలు నాపరాయి, అక్షరాలు చెక్కి నల్ల రంగు నింపారు. రెండోది జన్మభూమి రోజుల్లోది, పాలరాయి, అక్షరాలు బంగారు రంగు. మూడోది 2009 ఎన్నికలకు ముందు, నిగనిగలాడే టెక్కలి నీలి గ్రానైటు, పైన రెండు రేకుల పందిరి కూడా. రాష్ట్రం అభివృద్ధి చెందలేదని వాదించేవాళ్లకు ఈ మూడు రాళ్లనూ వరుసగా చూపిస్తే చాలు. మూడింటి మీదా వంతెన అంచనా వ్యయం చెక్కి ఉంది, ప్రతిసారీ పెరిగింది. మూడు ప్రభుత్వాలూ వేరు వేరు, పేర్లన్నీ వేరు వేరు, గెడ్డ మాత్రం అదే.

శిలాఫలకం చదవడం ఒక విద్య, అది నాకు పెదనాన్న నేర్పారు. పైన ఉన్న పేరు అక్షరాల ఎత్తు చూసి అది మంత్రిదో ఎమ్మెల్యేదో చెప్పవచ్చు. 'అధ్యక్షత' అని ఉన్నచోట ఉన్న మనిషికీ 'విశిష్ట అతిథి' అని ఉన్నచోట ఉన్న మనిషికీ ఆ రోజుల్లో పడేది కాదని ఊహించవచ్చు. అధికారుల పేర్లు ఎడమ వైపున ఉంటే ఖర్చు ఏ శాఖదో తెలుస్తుంది. సర్పంచ్ పేరు ఎప్పుడూ అట్టడుగున, గడ్డి పెరిగే చోట ఉంటుంది. పెదనాన్న పేరు మొదటి రాయి మీద ఉంది కానీ, ఇంటిపేరులో ఒక ఒత్తు పోయింది. ఆ ఒత్తు పోవడంతో అది సరిగ్గా ఆయన ఎన్నికల్లో ఓడించిన మనిషి ఇంటిపేరైంది. రాయి చెక్కినవాడు తెలియక చేశాడా, ఎవరైనా చెప్పి చేయించారా అన్న దాని మీద మా ఊళ్లో రెండు అభిప్రాయాలు ఉండేవి. ఓడిన ఆయన మాత్రం చాలాకాలం పాటు ఉదయం పూట ఆ రాయి పక్కనే పళ్లు తోముకొనేవాడు. రెండో రాయి నాటికి పెదనాన్న మాజీ అయిపోయారు. మూడో రాయి మీద మాజీలను కూడా చేర్చుతామని చెప్పి పేర్లు రాసుకువెళ్లి, తీరా చోటు చాలక 'తదితరులు' అని ముగించారు.

ఈ లోపు మా ప్రాంతం ఆకాశంలో చాలా ఎత్తుకు వెళ్లింది. 2014 నుంచి 2018 దాకా దేశానికి పౌర విమానయాన మంత్రి విజయనగరం అశోక్ గజపతిరాజు గారు, 2024 నుంచి మా శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు. మా రాళ్ల మీద బెంగ పెట్టుకోనవసరం లేదని తెలిసింది కూడా విమానాల వల్లనే. భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు నాయుడు గారు శంకుస్థాపన చేయగా, 2023 మే నెలలో జగన్మోహన్ రెడ్డి గారు మళ్లీ చేశారు. అంత పెద్ద విమానాశ్రయానికే రెండు శంకుస్థాపనలు పట్టినప్పుడు, మేకలు పడుకొనే గెడ్డకు మూడు పట్టడంలో వింతేముంది?

వంతెన కోసం పెదనాన్న అర్జీలు పెట్టడం ఎప్పుడూ మానలేదు. సోమవారం నాడు కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకొనే ఆనవాయితీ ఆయన పదవిలో లేని రోజుల్లో ఆయనకు ఒక వ్యాపకమైంది. మొదట దాన్ని గ్రీవెన్స్ అనేవారు, 2019లో స్పందన అన్నారు, 2024లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక అన్నారు. పేరు మారిన ప్రతిసారీ పాత అర్జీ నంబరు చెల్లదని కొత్త నంబరు ఇచ్చేవారు. అర్జీలోని వాక్యాలు మాత్రం నేను ఎనిమిదో తరగతిలో రాసిపెట్టినవే. వరసలో ముందున్నవాడు కూడా చాలాసార్లు పాతవాడే కావడంతో ఆయనకు అక్కడ మంచి స్నేహితులు ఏర్పడ్డారు, ఒక పెళ్లి సంబంధం కూడా ఆ వరసలోనే కుదిరింది.

2018లో స్వాతంత్ర్య దినోత్సవం మా జిల్లాకే నడిచి వచ్చింది. విభజన తరువాత రాష్ట్రస్థాయి వేడుకలను ఒక్కో ఏడాది ఒక్కో చోట జరుపుతూ, కర్నూలు, విశాఖపట్నం, అనంతపురం, తిరుపతి తరువాత మా శ్రీకాకుళానికి వంతు ఇచ్చారు. పట్టణమంతా రంగులు వేశారు. ఏడు రోడ్ల జంక్షన్ చూసి నాకే ఇది మన ఊరేనా అనిపించింది. కాన్వాయ్ వెళ్లే దారిలో గుంతలన్నీ పూడ్చారు. అది వెళ్లని దారిలో గుంతలు మరో ప్రజాస్వామ్యానికి చెందినవి కనుక వాటి జోలికి వెళ్లలేదు. సరిగ్గా అదే నెల మొదట్లో సర్పంచ్‌ల పదవీకాలం ముగిసి, ఎన్నికలు జరపకుండా పంచాయతీలను ప్రత్యేకాధికారుల చేతిలో పెట్టారు. జిల్లా కేంద్రంలో రాష్ట్రమంతటి పండుగ జరుగుతుంటే, మా ఊరి జెండా ఎగరవేయడానికి ఊరిమనిషి లేడు. వచ్చిన అధికారికి మాతో కలిపి నాలుగు పంచాయతీలు. మొదటి మూడు ఊళ్లలో ఎగరవేసి మా దగ్గరికి వచ్చేసరికి పిల్లలు నిమ్మతొనలు తినేసి ఇళ్లకు వెళ్లిపోయారు, పెదనాన్నా పంతులు గారూ నేనూ మాత్రమే ఆయన కోసం ఎండలో నిలబడి ఉన్నాము. మళ్లీ సర్పంచ్ అనే మనిషిని చూడటానికి 2021 ఫిబ్రవరి దాకా ఆగవలసి వచ్చింది. వేడుకలైన రెండు నెలలకు, అక్టోబరు 11న, తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ నేలమట్టం చేసింది. అధికార యంత్రాంగమంతా మళ్లీ మా జిల్లాకే రావలసి వచ్చింది. ఈసారి గుంతలు పూడ్చే వ్యవధి ఎవరికీ దొరకలేదు.

జెండా స్తంభం వెనుక ఉన్న పంచాయతీ ఆఫీసు సున్నం తెలుపే నాకు గుర్తు. 2019 తరువాత దానికి అధికార పార్టీ జెండాను తలపించే రంగులు పడ్డాయి. ఆ రంగులు తీసేయమని హైకోర్టు చెప్పింది, 2020లో సుప్రీంకోర్టు కూడా అదే మాట అంది. తీసేశారు. ఒక్క ఆఫీసు గోడకు రంగు వేయడానికీ, తీయడానికీ, మళ్లీ వేయడానికీ అయిన ఖర్చులో మా ముగ్గు పిండి ఎన్ని వందల ఏళ్లకు సరిపోతుందో పెదనాన్న వేళ్ల మీద లెక్కపెట్టబోయి మధ్యలో వదిలేశారు. అదే కాలంలో కేంద్రం నుంచి వచ్చిన ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద సర్దుబాటు చేశారని రాష్ట్రమంతటా సర్పంచ్‌లు రోడ్డెక్కారు. కాలువ పూడిక తీయడానికి కూడా చేతిలో పైసా లేని సర్పంచ్, పక్కవాడి దగ్గర అప్పు చేసి జెండా పండుగ జరపడం ఎంత మామూలు విషయమో ఆ రోజుల్లో ఊళ్లలో తిరిగినవాళ్లకు తెలుసు.

పది వేలు వచ్చిన మొదటి పండుగ చూడటానికి 2024లో నేను ఊరు వెళ్లాను. సర్పంచ్ మహిళ, ఆమె పేరిట అన్ని పనులూ చూసేది భర్త, ఆ సంగతి రహస్యం కాదు. షామియానా వేశారు, అద్దె కుర్చీలకు తెల్ల గుడ్డ తొడిగారు, లడ్డూలు పెట్టెల్లో వచ్చాయి. ఫ్లెక్సీ మీద మొత్తం పద్దెనిమిది ముఖాలు ఉన్నాయి, గాంధీ గారిది లెక్కలోకి తీసుకుంటే పంతొమ్మిది. జెండా తాడును భార్యాభర్తలిద్దరూ కలిసి లాగారు. ఆ మాత్రం చేయనిచ్చినందుకు ఆమె ముఖంలో కనిపించిన వెలుగు చూసి, ఆయన తాడు వదిలేస్తే ఆమె ఒక్కతే ఇంకా బాగా లాగగలదని నాకు అనిపించింది. పండుగ నిండుగా జరిగింది, అందులో అబద్ధమేమీ లేదు. లడ్డూ కూడా బాగుంది. ఉభాలకు వెళ్లినవాళ్ల పెట్టెలను విడిగా తీసిపెట్టి సాయంత్రం ఇళ్లకు పంపించారు, ఇది మా వంద రూపాయల రోజుల్లో ఎవరికీ తోచని పని.

అన్నట్టు, వంతెన పూర్తయింది. అది కూడా ఎలా పూర్తయిందంటే, చివరి శ్లాబు ఎండి, ఇరువైపులా మట్టి పోసి, ప్రారంభోత్సవానికి తేదీ చూసుకుంటూ ఉండగా 2024 మార్చి 16న ఎన్నికల ప్రకటన వచ్చి నియమావళి అమల్లోకి వచ్చింది. రిబ్బను కత్తిరించే వీలు లేక, అడ్డంగా పెట్టిన డ్రమ్ములను ఎవరో రాత్రికి రాత్రి పక్కకు దొర్లిస్తే, తెల్లారి గడ్డి ట్రాక్టరు ఒకటి ముందుగా దాటింది. పాత మూడు రాళ్లకూ నియమావళి ప్రకారం గోనె గుడ్డలు కప్పారు. ఎన్నికలయ్యాయి, ప్రభుత్వం మారింది. నెలల తరబడి ఊరంతా వాడుకుంటున్న వంతెనను ఇప్పుడు ప్రారంభించడం బాగుంటుందా అని కొందరూ, ప్రారంభించకపోతే అది ఎవరి వంతెనో పిల్లలకు ఎలా తెలుస్తుందని కొందరూ తర్జనభర్జన పడి, చివరికి నాలుగో ఫలకం వేయాలనే నిర్ణయించారు. దిమ్మ కట్టడం అయింది. ఈసారి మాజీ సర్పంచ్‌ల పేర్లు తప్పక ఉంటాయని చెప్పి వెళ్లారు. ఎనభై దాటిన పెదనాన్న ఆ మాట నమ్మలేదని నాతో అన్నారు. కానీ మర్నాడు పొద్దున్నే పంచాయతీ కార్యదర్శి ఇంటికి వెళ్లి, తన ఇంటిపేరును పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి, ఒత్తు ఉన్న చోట ఎర్ర సిరాతో సున్నా చుట్టి, అతని చేతికి ఇచ్చి వచ్చారు.